చల్లటి బానెట్

ముక్రం భాయ్ ఒకటే మాట చెప్పిండు:
"తెల్లారక ముందే పోవాలె అక్కా.
డీజిల్ బండి నిద్ర లేచేటప్పుడే నిజం చెప్తది.
ఒకసారి వేడెక్కిందంటే
అది కూడా మనలెక్కనే, మర్యాదగా మాట్లాడుతది."

అంబర్‌పేటలో మొదటి బండి.
ఆరింటికి రమ్మన్నడాయన.
మేం ఐదుంబావుకే గేటు దగ్గరున్నం.
బండి కింద ఒక వీధి కుక్క
ముడుచుకొని పడుకొనుంది.
జనవరి చలి. దానికి ముందే తెలుసు.
భాయ్ బానెట్ మీద అరచెయ్యి పెట్టిండు
జ్వరం చూసినట్టు.
వెచ్చగుంది.

మీటర్ల ఎనభై ఆరు వేలు.
క్లచ్ పెడల్ రబ్బరు మాత్రం
గీతలన్నీ పోయి అరిగిన సబ్బుబిళ్ళ లెక్కుంది.
"ఎనభై ఆరు వేలు తొక్కిన కాలు కాదిది" అన్నడు భాయ్,
సీటు బెల్టు పట్టి గుంజిండు,
ఇంకా గుంజిండు, మొత్తం బయటికొచ్చేదాకా.
చివరి మూరలో సన్నటి మట్టి గీత.

అప్పటి అక్టోబరు రాత్రి యాదికొచ్చింది,
సెల్లార్ల కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటా తేలిన రాత్రి.
అమ్మేటాయన సీటు కవర్లు కొత్తవని చెప్తనే ఉన్నడు.
నీళ్ళు దిగినంక అందరం కడుక్కున్నం, నిజమే.
బెల్టు లోపలి మూర ఎవరు కడుగుతరు?

నాకు కావల్సింది షోకు బండి కాదు.
మౌలాలిలో వండిన యాభై క్యారేజీలు
పన్నెండున్నరకల్లా ఉప్పల్ చేరాలె.
సాంబారు ఒలకొద్దు. అంతే.

రెండోది లాలాగూడలో, సైలస్ గారిది.
మందుల కంపెనీ పని మీద
జహీరాబాదు, నారాయణఖేడు తిరిగిన బండి.
రెండు లక్షల ముప్పై ఒక్క వేల కిలోమీటర్లు.
దాపరికం లేని అంకె. చూస్తే భయమైంది.
బానెట్ మీద నేనే చెయ్యి పెట్టిన ఈసారి.
రాత్రంతా బయటున్న స్టీలు బిందె.

తాళం తిప్పి ఆగాలె.
చుట్టలు తిరిగిన ఆ చిన్న పసుపు దీపం ఆరేదాకా ఆగాలె.
ఆరింది. దగ్గింది. గొణిగింది. అందుకుంది.
వెనక పొగ కొంచెం తెల్లగా వచ్చి సన్నబడింది.
"నల్లగొస్తే గాలి చాల్తలేదు.
నీలంగొస్తే ఆయిల్ తాగుతుంది.
తెల్లగొచ్చి ఆగకపోతే
చాయ్ కూడా తాగకుండ వచ్చెయ్యాలె."
ఆయిల్ మూత విప్పి రంధ్రం మీదనే బోర్లించిండు భాయ్.
వణికింది. ఎగరలేదు.
భాయ్ మీసాల కింద ఏదో కదిలింది.

మెట్టుగూడ ఎత్తు మీద మూడో గేర్ల
నిండా తొక్కిన. టర్బో సన్నగా ఈల వేసింది,
కుక్కర్ మొదటి విజిల్‌కు ముందు వచ్చే చప్పుడు.
అది నాకు తెలిసిన భాషే.

"ఏసీ అంతంత మాత్రం" అన్నడు సైలస్ గారు, అడగకముందే.
"రెండో ఇంజెక్టర్ మార్పించిన. క్లచ్ ఏడాదొస్తదేమో."
బిల్లుల ఫైలు పప్పు డబ్బా అంత బరువుంది.
ఆర్సీలో మాత్రం బ్యాంకు పేరు ఇంకా కూర్చొనుంది.
అప్పు తీరి ఆరేండ్లు,
కాగితానికి ఎవరూ చెప్పలే.
ఆ పేరు లేచేదాకా అడ్వాన్సు ఇయ్యనన్న.
తలూపిండు. క్లచ్ కోసం ఇరవై వేలు తగ్గిచ్చిన.
దానికి మాత్రం చాలాసేపు తలూపలే.

పదిహేడు రోజులకు కాగితాలొచ్చినయ్.
తాళాలిస్తూ ఆయన
డ్యాష్‌బోర్డు అర తెరిచి టోల్ చీటీల కట్ట తీసుకున్నడు,
మళ్ళీ ఏమనుకున్నడో, అక్కడే పెట్టేసిండు.

మౌలాలి కమాను దాటుతుంటే
మీటర్ల ఆఖరి అంకె మెల్లగా దొర్లింది.
ఇక్కణ్ణుంచి లెక్క నాది.